గాలం వేసేవాళ్ల మీద చెడ్డ వార్త: ఒక కేస్ స్టడీ

నేను చేసేది మీడియా కన్సల్టెన్సీ. అంతకుముందు చాలాకాలం ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేశాను. ఈ కేసులో ఊరు, చెరువు, జిల్లా, మనుషుల పేర్లు తీసేశాను. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఎవరి బతుకుతెరువో ఉన్న చోటికి సరదా కోసం వెళ్లే బృందాలన్నిటికీ పత్రికలో చెడ్డ వార్త వచ్చే ఈ సమస్య ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మా రంగంలో దానికి ఇచ్చే మామూలు మందు, అంటే ఒక మంచి వార్త వేయించడం, ఎందుకు పనిచేయదో ఈ కేసులో బాగా కనబడింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

క్లయింట్ హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో శని, ఆదివారాలు గాలం వేసే ఒక బృందం. ఎక్కువమంది ఐటీ ఉద్యోగులు, కొందరు చిన్న వ్యాపారులు, కొందరు రిటైరైనవాళ్లు. చాలామంది చిన్నప్పుడు ఊళ్లో వెదురు కర్రకు దారం కట్టి, నెమలి ఈక కాడను బెండుగా పెట్టి, ఎర్రలు గుచ్చి జెల్లలు పట్టినవాళ్లే. ఇప్పుడు చేతిలో కార్బన్ రాడ్లు, రీళ్లు వచ్చాయి. వాట్సాప్ గ్రూపు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉన్నాయి.

చెరువు సంగతి తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. తెలంగాణలో ఊరి చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. ముదిరాజ్, గంగపుత్ర వంటి కులాల కుటుంబాలు అందులో సభ్యులు. 2016లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలయ్యాక బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లల్ని వానాకాలంలో వదులుతున్నారు. అవి పెరిగాక, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు వలలు వేసి పట్టి అమ్ముకుంటారు. అంటే ఆ చెరువులో ఈదే చేప, చూసేవాళ్లకు ఎలా కనిపించినా, సంఘం వాళ్లకు మాత్రం పొలంలో నిలబడి ఉన్న పంట. బృందంలో చాలామందికి ఈ విషయం తెలియదు. చెరువు ప్రభుత్వానిది, కాబట్టి చేప పట్టినవాడిది అనుకునేవారు.

వచ్చిన సమస్య

ఒక పత్రిక జిల్లా పేజీలో ఫొటోతో సహా వార్త వచ్చింది. బృందంలోని ఒకాయన పెద్ద బొచ్చెను మొప్పలో వేళ్లు పెట్టి ఎత్తి నవ్వుతున్న ఫొటో. అది ఆయనే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నది. నగరం నుంచి వచ్చి సరదా పేరుతో మత్స్యకారుల నోటికాడి కూడు లాక్కుంటున్నారన్నది వార్త సారాంశం. రెండు రోజుల్లో ఒక లోకల్ యూట్యూబ్ చానెల్ అదే ఫొటోకు మ్యూజిక్ జోడించి వీడియో చేసింది. తర్వాతి ఆదివారం కట్ట మీద గొడవ. సంఘం వాళ్లు రెండు రాడ్లు లాక్కున్నారు. అదే నెలలో వేరే ఊళ్లో చెరువుకు వెళ్లిన యువకులు గల్లంతయితే, ఆ వార్తలో కూడా చేపల సరదా అన్న మాట దొర్లింది.

వాళ్లు నా దగ్గరకు వచ్చి అడిగింది ఒక్కటే. "మా మీద ఒక మంచి ఆర్టికల్ వేయించండి సార్. ఖర్చైనా ఫర్వాలేదు."

అంతకుముందే వాళ్లంతట వాళ్లు హైదరాబాద్‌లో ప్రెస్ మీట్ పెట్టి చూశారు. సిటీ పేజీలో సింగిల్ కాలమ్ వచ్చింది. గొడవ జరిగింది జిల్లాలో, ఆ వార్త చదివింది జిల్లా పాఠకులు. సిటీ పేజీలో వచ్చిన వివరణ ఆ ఊరికి చేరనే లేదు.

ముందు పాత వార్తలు చదివాం

డబ్బిచ్చి ఫీచర్ వేయించుకోవడాన్ని మొదటిరోజే వద్దన్నాను. నైతికంగా తప్పన్నది ఒకటి. పైగా ఊళ్లో ఎవరు ఎవరికి డబ్బిచ్చారో సాయంత్రానికి టీ కొట్టు దగ్గర తెలిసిపోతుంది. దాంతో మొదటి వార్త నిజమేనని అందరూ తీర్మానించుకుంటారు.

దానికి బదులు గత కొన్నేళ్ల ఈ-పేపర్లలో గాలం సరదా గురించి వచ్చిన వార్తలన్నీ తీసి చదివాం. దాదాపు అన్నీ నాలుగు రకాలు. నీళ్లలో పడి చనిపోవడం, సంఘంతో గొడవ, అభయారణ్యంలోనో తాగునీటి జలాశయంలోనో పట్టి కేసు కావడం, పారేసిన నైలాన్ తీగలో పక్షులు చిక్కుకోవడం. నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచింది వేరే ఉంది. ఆ వార్తల్లో ఎస్సై మాట ఉంది, సంఘం అధ్యక్షుడి మాట ఉంది, తహసీల్దార్ మాట ఉంది. గాలం వేసేవాడి మాట మాత్రం ఎక్కడా లేదు.

ఇందులో కుట్రేమీ లేదు. మండలంలో వార్తలు పంపేది కంట్రిబ్యూటర్. చాలాచోట్ల అతనికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, నాలుగు రూపాయలు వస్తాయి. రోజూ అదే ఊళ్లో తిరగాలి. సంఘం అధ్యక్షుడు అతనికి రోజూ ఎదురయ్యే మనిషి. వారానికోసారి కారులో వచ్చి చీకటి పడకముందే వెళ్లిపోయే మనిషి ఫోన్ నంబరు అతని దగ్గర ఎందుకుంటుంది? చానెల్ వాళ్లను, పేపర్ వాళ్లను తిట్టుకుంటున్న క్లయింట్‌కు ఈ సంగతి విడమరిచి చెప్పడానికే మొదటి మీటింగ్ అంతా పట్టింది.

రెండో పని ఇంకా ఇబ్బందికరమైనది. వార్తలో రాసిన ఆరోపణ నిజమా కాదా అని అడిగాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఇద్దరు ముగ్గురు సభ్యులు కొర్రమీనులు పట్టి ఆఫీసులో తెలిసినవాళ్లకు అమ్ముతున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ఈ సరదా వేట మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. పట్టే మనిషికి అది ప్రధాన ఆహార వనరు కాకూడదు, పట్టిన చేప సాధారణంగా అమ్మకానికి వెళ్లకూడదు. అందులో ఇచ్చిన నిర్వచనం స్థూలంగా ఇది. అమ్మితే అది సరదా కాదు, సంఘం లైసెన్సు లేని వ్యాపారం. ముందు అమ్మకం ఆపేయాలని, ఆ మాట బృందం నియమంగా రాసుకోవాలని, ఆపనివాళ్లు బయటికి వెళ్లాలని షరతు పెట్టాను. ఇద్దరు వెళ్లిపోయారు. అమ్మకం సాగుతుండగా ఎంత మంచి వార్త రాయించినా మర్నాడు ఒక్క ఫొటోతో అది అబద్ధమైపోతుంది. నేను ఈ పని ఒప్పుకున్నది ఆ ఇద్దరూ వెళ్లిన తర్వాతే.

పనిచేయనివి

పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయడం బృందానికి గర్వకారణం. దాన్నే ప్రధాన సందేశంగా పెట్టాలని పట్టుబట్టారు. బయటపెట్టే ముందు ఆ మాటను ఒకరిద్దరు విలేకరుల దగ్గర, సంఘంలోని పెద్దల దగ్గర చెప్పి చూద్దామన్నాను. సంఘంలో ఒక పెద్దాయన శ్రద్ధగా విని, నిజంగానే అర్థం కాక అడిగాడు. "పట్టుడు దేనికి, ఇడుసుడు దేనికి సారూ? తినేదానితోని ఆటలా?"

ఆయన ఒక్కడి ప్రశ్న కాదది. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడం నిషిద్ధం. తినడానికైతే పట్టవచ్చు, ఆట కోసం బాధపెట్టకూడదన్నది అక్కడి వాదం. 2003లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేప తలలో నొప్పిని గ్రహించే నాడులున్నాయని చూపించాక ఈ చర్చ ఇంకా పెరిగింది. చేపకు మనలాంటి బాధ ఉంటుందా లేదా అన్నది శాస్త్రవేత్తల్లోనే తెగలేదు. నగరంలో ఉదాత్తంగా వినిపించే మాట చెరువు కట్ట మీద అన్నాన్ని అవమానించినట్టు వినిపిస్తోంది. జంతు ప్రేమికులకేమో క్రూరత్వంగా వినిపిస్తోంది. రెండువైపులా దెబ్బ తినే సందేశాన్ని ముందు పెట్టుకోవడం తెలివైన పని కాదు. పద్ధతిగా కొనసాగించమన్నాను, ప్రచారంగా వద్దన్నాను.

ఈలోగా ఒక సభ్యుడి పరిచయంతో ఇంగ్లిష్ దినపత్రిక ఆదివారం సంచికలో పెద్ద ఫీచర్ వచ్చింది. మంచు తెరలో చెరువు, సూర్యోదయం, టోపీలు, రాడ్లు. చాలా అందంగా రాశారు. గ్రూపులో సంబరాలు. అయితే అందులో ఒక రాడ్, రీల్ సెట్టు ధర రాశారు. ఆ ముక్కను ఊళ్లోని ఒక కుర్రాడు ఫోన్లో తెలుగులోకి మార్చి సంఘం గ్రూపులో పెట్టాడు. మా ఇంటిల్లిపాది వలల ఖర్చు కన్నా వాళ్ల ఒక్క కర్ర ఖరీదెక్కువ, అయినా మా చేపలే కావాల్నా అన్నది అక్కడ వచ్చిన స్పందన. మర్నాటి నుంచి ఆ కట్ట మీద నిలబడడం ఇంకా కష్టమైంది. బృందం ప్రతిష్ఠ ఎక్కడ చెడిందో అక్కడే బాగుపడాలి. వేరే భాషలో, వేరే పాఠకుల దగ్గర పొందిన మెప్పు అసలు చోట ఎదురుతిరగవచ్చు. ఆ ఫీచర్ లింకును ఎవరికీ పంపవద్దని చెప్పాల్సి వచ్చింది.

పనిచేసినవి

మొదట సరిచేసింది ఫొటోలు. పత్రిక వాడిన ఫొటో పత్రిక తీసింది కాదు, బృందం పేజీలోది. కాబట్టి విలేకరి చేతికి అందే బొమ్మను మార్చడం మన చేతుల్లోనే ఉంది. మొప్పలో వేళ్లు పెట్టి వేలాడదీసిన చేపలు, నేల మీద దుమ్ములో వరుసగా పేర్చిన చేపలు, పక్కన సీసాలు కనబడేవి అన్నీ తీసేశాం.

కొత్త ఫొటో ఎలా తీయాలో కట్ట మీదే నేర్చుకున్నారు. బృందంలో అనుభవమున్న ఒకాయన చూపించాడు. ముందు చేతులు నీళ్లలో తడపాలి. పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగట పొర ఊడిపోతుంది, అక్కడే తర్వాత బూజు పడుతుంది. కెమెరా సిద్ధమయ్యేదాకా చేప వలసంచిలో నీళ్లలోనే ఉండాలి. గాలానికి వెనక్కి తిరిగిన ముల్లును ముందే పటకారుతో నొక్కేసి ఉంచాలి, అప్పుడు ఒక్క మెలికతో ఊడొస్తుంది. ఎత్తేటప్పుడు ఒక చేయి తోక మొదట్లో, ఒక చేయి పొట్ట కింద, చేప అడ్డంగా, నీటికి జానెడు ఎత్తులో. ఎత్తినవాడు తన ఊపిరి బిగబట్టాలి. తనకు ఊపిరి కావాల్సి వచ్చేసరికి చేప నీళ్లలో ఉండాలి. ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. 1992లో ప్రచురించిన ఒక కెనడా అధ్యయనంలో, అలసిపోయిన రెయిన్‌బో ట్రౌట్‌ను 30 సెకన్లు గాలిలో ఉంచితే 62 శాతం బతికాయి, 60 సెకన్లు ఉంచితే 28 శాతమే. మన బొచ్చె, కొర్రమీను ట్రౌట్ కావు. కొర్రమీను గాలి కూడా పీల్చుకోగలదు. అయినా ఫొటో కోసం చేపను నిమిషాల తరబడి బయట ఉంచవద్దన్న నియమానికి ఆ అంకెలు చాలు.

అసలు మలుపు సంఘంతో మాట్లాడాక వచ్చింది. బృందం తరఫున నలుగురు వెళ్లారు. మాట్లాడే పని రిటైరైన ఒక పెద్దాయనకు అప్పగించాం. ఆయన ఇంగ్లిష్ ముక్క లేకుండా మాట్లాడగలడు, మధ్యలో ఎవరైనా గొంతు పెంచినా నెమ్మదిగా ఉండగలడు. సంఘం వాళ్లను అన్నా, తమ్మీ అని పిలుస్తూ, ముందు వాళ్ల కష్టం వినాలని, క్షమాపణ చెప్పాక గానీ అడగాల్సింది అడగకూడదని అనుకుని వెళ్లారు. కొన్ని మీటింగుల తర్వాత ఒప్పందం కుదిరింది. రాడ్‌కు రోజుకు ఇంత అని సంఘానికి రుసుము, దానికి రసీదు. ఏ మూల గాలం వేయాలో సంఘమే చెబుతుంది. ఇంటికి తీసుకెళ్లాలనుకున్న చేపకు సంఘం కాంటా మీద తూకం, సంఘం చెప్పిన ధర. తీగ ముక్క ఒక్కటి కూడా కట్ట మీద మిగలకూడదు.

అందులో ఒక షరతు సంఘం పెట్టింది కాదు, బృందం నుంచే వచ్చింది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. వానాకాలంలో గుడ్లు పొదిగాక పిల్లలు ఎర్రగా నారింజరంగులో గుంపుగా నీటి పైపైన కదులుతుంటాయి. వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద ఎరగా వాడే రబ్బరు కప్పను విసిరితే కాపలా చేప ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి మీదికి దూకుతుంది. అందుకే ఆ సమయంలో పెద్ద కొర్రమీనును పట్టడం చాలా తేలిక. దాన్ని పట్టేస్తే పిల్లలన్నీ వేరే చేపల పాలవుతాయి. ఇది తెలిసి కూడా గొప్ప కోసం పట్టేవాళ్లు బృందంలో ఉన్నారు. ఎర్రపిల్లల గుంపు కనబడితే ఆ వైపు గాలం వేయకూడదన్న నియమం పెట్టుకుని, ఎక్కడ కనబడిందో సంఘానికి చెప్పడం మొదలుపెట్టారు.

మొదటి మంచి వార్త దీని మీదే వచ్చింది. దాన్ని మేము పంపలేదు. ఈ ఒప్పందం గురించి ఎవరైనా అడిగితే సంఘం అధ్యక్షుడితోనే మాట్లాడించాలని ముందే అనుకున్నాం. పాత వార్త రాసిన కంట్రిబ్యూటర్‌కు ఆయన మాట మీదే గురి. అధ్యక్షుడే అతనికి చెప్పాడు, రసీదు పుస్తకం చూపించాడు. పిల్లలున్నన్నాళ్లు కొర్రమట్ట (కొర్రమీను) జోలికి పోవద్దని పట్నపోళ్లే నియమం పెట్టుకున్నరని అన్నాడు. ఆ మాట బృందం నోటి నుంచి వస్తే ప్రచారమయ్యేది, ఆయన నోటి నుంచి వచ్చేసరికి వార్త అయింది.

రెండో వార్త ఎండాకాలం చివర్లో. తెల్లవారుజామున గాలం వేయడానికి వెళ్లినవాళ్లకు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపించాయి. ముందు రెండు రోజులు మబ్బు. పచ్చగా నాచు పట్టిన చెరువులో రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది, అందుకే సూర్యోదయానికి ముందు నీళ్లలో అది అతి తక్కువగా ఉంటుంది. ఇలాంటి సమయం వస్తుందని తెలిసి నీళ్లలో ప్రాణవాయువును కొలిచే చిన్న మీటరు ఒకటి ముందే కొనిపించాను. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే బాగా కిందికి చూపించింది. ఆ స్థాయిలో బొచ్చె, రవ్వ తట్టుకోలేవు.

ఎవరికి ముందు చెప్పాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మేము రాసుకున్న వరుస ఇది: మొదటి ఫోన్ సంఘానికి, రెండోది మత్స్యశాఖ అధికారికి, విలేకరికి ఆ తర్వాతే, అదీ సంఘం సరేనంటే. విలేకరికి ముందు చెబితే వార్త తొందరగా వచ్చేది, కానీ తమ చెరువు పరువు తీశారని సంఘం అనుకునేది. ఆ ఉదయం సంఘం వాళ్లు నీళ్లలో గాలి కలిసేలా పంపుసెట్లతో నీళ్లను పైకి చిమ్మించారు. కొన్ని చేపలు చచ్చిపోయాయి, ఎక్కువ భాగం మిగిలాయి. మర్నాడు వార్తలో గాలం వేయడానికి వచ్చినవారు గమనించి సమాచారం ఇచ్చారన్న ఒక్క వాక్యం ఉంది. బృందం పేరు లేదని క్లయింట్ నొచ్చుకున్నాడు. నేను మాత్రం ఈ కేసులో గెలిచింది ఆ రోజేనని అనుకుంటున్నాను. అదే కంట్రిబ్యూటర్ ఆ వారంలోనే ఇంకో చెరువు గురించి ఒక సందేహం అడగడానికి బృందానికి ఫోన్ చేశాడు. వాళ్ల నంబరు అతని ఫోన్లోకి ఎక్కింది.

నోటు పుస్తకం సంగతి కూడా చెప్పాలి. పట్టిన ప్రతి చేప రకం, పొడవు, చోటు, సమయం రాసిపెట్టమన్నాను. దీనికి స్ఫూర్తి కావేరి. అక్కడి గాలిబోరె క్యాంపులో గాలం వేసేవాళ్లు 1998 నుంచి 2012 దాకా రాసుకున్న లెక్కలతోనే శాస్త్రవేత్తలు కావేరి మూపురపు మహసీర్ అనే నది చేప ఎంతగా తగ్గిపోయిందో, బయటి నుంచి తెచ్చి వదిలిన మహసీర్ ఎలా పెరిగిందో చూపించగలిగారు. ఆ మూపురపు చేప 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి చేరింది. చేపల మీద ప్రేమ ఉందని చెప్పుకోవడం తేలిక. ఆ ప్రేమకు ఇలాంటి పుస్తకం ఒక్కటి ఉంటే విలేకరి, అధికారి, విద్యార్థి ఎవరు అడిగినా చూపించవచ్చు. మా క్లయింట్ పుస్తకం ఇంకా పలుచగానే ఉంది, కానీ ఆగలేదు.

నీట మునిగి చనిపోయిన వార్తల విషయంలో

ఎక్కడైనా చెరువులో ఎవరైనా చనిపోయి, వార్తలో గాలం మాట వస్తే, వాళ్లు మావాళ్లు కారని ఖండన పంపాలని బృందంలో కొందరు అడిగేవారు. ఒప్పుకోలేదు. ఒక ఇంట్లో పిల్లాడు పోయినరోజు మన పేరు కాపాడుకోవడానికి ఉత్తరం రాయడం మనుషులు చేసే పని కాదు. పాఠకుడూ దాన్ని క్షమించడు. దానికి బదులు జూన్‌లో, వానలు పడకముందే, జిల్లా విలేకరులకు ఒక పేజీ సమాచారం పంపాం. మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) దూకుతున్నప్పుడు కింద చేపలు ఎగబడతాయి, జనం అక్కడికే వెళతారు, నాచు పట్టిన రాళ్ల మీద కాలు జారేది అక్కడే. పూడిక తీసిన చెరువుల్లో అంచు నుంచి రెండడుగులకే లోతు ఉంటుంది. ఈతగాడైనా ప్యాంటూ బూట్లతో పడితే తేలడం కష్టం. ఆ సీజన్‌లో డెస్కుకు ఇలాంటి విషయం కావాలి, కాబట్టి రెండుచోట్ల వేశారు. బృందం తన వంతుగా కట్ట మీద గాలి నింపిన ట్యూబు, తాడు కట్టిపెట్టింది. లైఫ్ జాకెట్ లేకుండా మత్తడి దగ్గరికి వెళ్లేవాళ్లకు ఆరోజు గాలం లేదు.

ఇప్పటి పరిస్థితి

యూట్యూబ్ చానెల్ వీడియో అలాగే ఉంది. తీయించాలని నోటీసు పంపుదామన్నారు, వద్దన్నాను. పంపితే దాని మీద ఇంకో వీడియో వస్తుంది. జంతు సంక్షేమం గురించి పట్టించుకునే ఒకావిడ రాసిన ఉత్తరానికి మాత్రం జవాబిచ్చాం. మేము చేపను బాధపెట్టడం లేదని వాదించలేదు. ముల్లు లేని గాలాలు, గాలిలో ఉంచే సమయం, అమ్మకం లేకపోవడం, రుసుము, ఉన్నది ఉన్నట్టు రాశాం. ఆవిడ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన అవసరం లేదని క్లయింట్‌కు చెప్పాను. అడిగే హక్కు ఆవిడకుంది.

ఈ ఏడు సంఘం రుసుము పెంచమంది. దాంతోపాటు సంఘం సభ్యుల పిల్లల్లో ఇద్దరికి ఆదివారాలు కట్ట మీద పని ఇవ్వాలని కూడా అడిగారు. రసీదులు రాయడం, చోట్లు చూపించడం, తీగలు ఏరించడం వాళ్ల పని. బృందంలో దీని మీద ఇంకా చర్చ నడుస్తోంది. నా సలహా రెండింటికీ ఒప్పుకోమని. క్లయింట్‌కు ఇప్పటికీ పెద్ద ఫీచర్ కావాలని ఉంది. ఎండాకాలం వలలు వేసి చేపలు అమ్ముకోవడం పూర్తయ్యేదాకా ఆగుదామన్నాను, సంఘం వాళ్లు లెక్కల టెన్షన్‌లో ఉండే కాలమది. రాయడానికి వచ్చే విలేకరి ఎవరైనా ముందు సంఘం వాళ్లతో మాట్లాడి, తర్వాతే బృందం దగ్గరికి రావాలన్న షరతుకు క్లయింట్ ఒప్పుకున్నాడు.